పసుపు డబ్బా ప్రస్థానం

జూలై 6, సోమవారం

ఈ డైరీ నా బిడ్డ భవాని ఇచ్చింది. అట్ట మీద బంగారు అక్షరాలు సుత ఉన్నయి. ఇచ్చుకుంట ఏమన్నదంటే, "నాన్నా, వచ్చే మంగళవారం దాంక నీ కడుపుల మాట ఆగకపోతే ఇండ్ల రాసుకో. బయట ఒక్క ముక్క చెప్పినవంటే నీతోటి మాట్లాడ."

ఒట్టు పెట్టిన. పెట్టి, టిఫిను తిని, మేముండే కార్ఖానా బస్తీ చౌరస్తాల ఇరానీ హోటల్‌కు పోయిన. ఎవ్వరికీ చెప్పలె. చాయ్ పోసేటాయనకు మాత్రం చెప్పిన. ఆయనకు తెలుగు అంతగనం రాదు గన్క అది లెక్కల రాదు.

సంగతేందంటే, రేపు గాక వచ్చే మంగళవారం, పద్నాలుగో తారీఖు, నా బిడ్డ మిషిను నడుస్తది. చర్లపల్లి దిక్కు ఒక ల్యాబ్‌ల అది ఇంజినీరు. బొగ్గు నుంచి తీసిన గ్యాసుల బొగ్గుపులుసు గాలి ఉంటది గదా, దాన్ని మంట పెట్టకముందే వేరు చేసే మిషిను. నూటికి తొంభై వంతులన్న తియ్యాలె. తీస్తే పెద్ద ప్లాంటు కడ్తరు, దానికి పెద్ద నా బిడ్డనే. తియ్యకపోతే మిషినును విప్పి పాత ఇనుముకు ఏస్తరు, భవానిని కాయితాలు సదిరే సీట్ల కూసోబెడ్తరు. చూసేతందుకు ఢిల్లీ నుంచి ఆఫీసర్లు వస్తున్నరు.

నాకెంత సంబురమో ఈ కలానికి సుత ఎరుక లేదు. నేను చదివింది ఏడో తరగతి. గోలీసోడా దుకాణం పెట్టుకోని బతికినోన్ని. జిందగంత నేను చేసిన పనేంది, నీళ్ళల్లకు ఆ గాలినే ఎక్కిచ్చుడు. నా బిడ్డ ఆ గాలినే దించుతున్నది. తండ్రి చేసిన పనినంత ఉల్టా చేసే బిడ్డ ఎంతమందికి పుడ్తది.

జూలై 7, మంగళవారం

అన్నం తినేటప్పుడు అడిగిన, "బిడ్డా, మంట పెట్టినంక పొగగొట్టం మూతికాడ పట్టుకోవచ్చు గద, ముందుగాల్నే ఎందుకు ఈ తక్లీఫ్?"

నిజానికి నాకు తెలుసు. దాని నోటి నుంచి మల్లొకసారి ఇనాల్నని.

భవాని కంచంల వేలు తోటి గీసుకుంట చెప్పింది. "కాలినంక పొగల గాలంత కలిసిపోతది నాన్నా. మనకు కావల్సిన గ్యాసు అండ్ల జెరంత ఉంటది. ఏరుడు కష్టం. అందుకే మేము బొగ్గును కాలనియ్యం. సాలీసాలనంత గాలి ఇచ్చి, ఆవిరి పట్టి, గ్యాసు చేస్తం. ఆ గ్యాసుల బొగ్గుపులుసు గాలి దండిగ ఉంటది, మంచి ప్రెషర్ మీద ఉంటది. సల్లటి ద్రావకంలకెల్లి పంపితే ఆ ద్రావకమే తాగేస్తది. మిగిలింది హైడ్రోజన్. దాన్ని కాలిస్తే పొగ రాదు, ఒట్టి నీటి ఆవిరే."

లచ్చమ్మ పప్పు ఏసుకుంట అన్నది, "గింతేనా. బియ్యంల రాళ్ళు ఒండకముందు చేటల ఏరుతరా, ఒండినంక పంటికింద ఏరుతరా? దీన్ని చూసేతందుకు ఢిల్లీ నుంచి వస్తున్నరా?"

భవానికి నవ్వాగలె. "అమ్మా, నా రిపోర్టుల మొదటి మాట గిదే రాస్త."

అడిగింది నేను, పేరొచ్చింది లచ్చమ్మకు. ఊకుంటనా. "చూడు బిడ్డా, ద్రావకం సల్లగుండాలె, ప్రెషర్ గట్టిగుండాలె. అప్పుడే గ్యాసు లోపలికి పడ్తది. గోలీ నొక్కితే బుస్సుమని మల్ల బయటికొస్తది. నేను సోడాల చూసిన," అని చెప్పిన.

"అట్లనే పెట్టినం నాన్నా, మొదట్నుంచి."

నేను చెప్పంగనే ఒప్పుకున్నది. మంగళవారం మిషిను నడిచిందంటే అండ్ల నా సలహా సుత ఉన్నట్టే. ఎవ్వరికీ చెప్ప.

జూలై 8, బుధవారం

ఇయ్యాల ఎవ్వరికీ చెప్పలె. పొద్దంత వాన, ఎవ్వరు కలువలె.

జూలై 9, గురువారం

పాలోనికి లెక్క రాద్దామని క్యాలెండర్ తీసిన. పద్నాలుగో తారీఖు కింద నల్లటి చుక్క. అమాస.

మంగళవారం, అమాస. రెండు ఒక్క రోజే. పాల లెక్క ఆడనే ఆగింది.

భవాని బూట్లు ఇడుస్తుంటెనే ఎదురు పోయిన. "బిడ్డా, ఆ రోజు అమాస."

"ఢిల్లీ ఆఫీసర్లకు పంచాంగం పంపమంటవా?"

"ఒక్క రోజు ఎనుకకు జరపమను."

"బుధవారం నుంచి ఆషాఢం షురూ. ఆషాఢంల కొత్తపని పెడ్తవా అని మల్ల నువ్వే అంటవు."

అంట. అనకుండ ఉంటనా. ముందట అమాస, ఎనుక ఆషాఢం, నడుమల నా బిడ్డ.

"నాన్నా, మిషినుకు చంద్రుడు కనవడడు," అన్నది. ఇంత సదివిన పిల్లకు ఏం చెప్పాలె. చంద్రునికి మిషిను కనవడ్తది గద.

లచ్చమ్మ మాత్రం లోపలికి పోయి దేవుని కాడ ఒక రూపాయి ముడుపు కట్టింది. నేను చూసిన. నేను చూసుడు ఆమె సుత చూసింది.

జూలై 10, శుక్రవారం

భవాని ఆఫీసు నుంచి ఒక పసుపు డబ్బా తెచ్చింది. సబ్బుబిల్లంత ఉన్నది, అంగీకి పెట్టుకునే క్లిప్పు ఉన్నది. ముట్టుకోబోతే చేతి మీద ఒకటి ఏసింది.

"అది ఆట సామాను కాదు నాన్నా. మా ప్లాంటుల కార్బన్ మోనాక్సైడ్ అని ఒక గ్యాసు ఉంటది. రంగు లేదు, వాసన లేదు, నిద్రపుచ్చినట్టు మనిషిని చంపుతది. అది జెర బయటికొచ్చినా ఈ డబ్బా లబలబ మొత్తుకుంటది."

"మరి ఇంటికెందుకు తెచ్చినవ్?"

"ఇయ్యాల్నే పరీక్ష చేసి నా పేరు మీద రాసిచ్చిన్రు. ఎవరి డబ్బా వాళ్ళే పెట్టుకోవాలె, ఇంకొకరిది నడువది. అది ఛాతి మీద లేంది డైరెక్టర్‌ను సుత ప్లాంటు గేటు దాటనియ్యరు. సోమవారం నేను ఆఫీసర్ల కోసం ఎయిర్‌పోర్టుకు పోవాలె, మంగళవారం పొద్దుగాల సీదా ప్లాంటుకే. అందుకే బ్యాగుల పెట్టుకున్న."

పాపం, ఈ పిల్లకు అన్ని ముందుచూపులే. అమాస ఒక్కటి తప్ప.

జూలై 11, శనివారం

దొరికింది. ఉపాయం దొరికింది.

గుడి పంతులుగారికి ఫోను చేసిన. మిషిను మాట చెప్పలె, ఒట్టు ఉన్నది గద. "పంతులుగారు, ఒకామెకు అమాస నాడు ముఖ్యమైన పయనం పడ్డది, తప్పదు, ఏం చెయ్యాలె," అన్న.

"ప్రస్థానం పెట్టుండ్రి," అన్నడు.

అరె. నాకెందుకు యాదికి రాలె. మా అమ్మ చేసేది గిదే. మా నాయన ప్రయాణం చెడ్డరోజు పడ్తే, అంతకుముందు మంచిరోజు చూసి ఆయన కండువ తీస్కపోయి పక్కింట్ల పెట్టొచ్చేది. కండువ గడప దాటింది గన్క మనిషి బయలెల్లినట్టే లెక్క. చెడ్డరోజు నాడు ఆయన పోయేది పయనం కాదు, నడుమల ఆగిన పయనం మల్ల సాగుడు.

"రేపు త్రయోదశి, బాగున్నది. పోయే దిక్కుల ఉన్న ఇంట్ల, శుభ్రమైన జాగల పెట్టాలె. ఆ మనిషి వెంట తప్పకుండ పోయే వస్తువు కావాలె సుమా," అన్నడు పంతులు.

తప్పకుండ పోయే వస్తువు. పెన్ను అనుకున్న, మర్చిపోతది. సెల్లు అనుకున్న, సెల్లు లేకుంటే అర నిమిషం ఉండది, దొరికిపోత. చెప్పులు దేవుని దగ్గర పెట్టరాదు.

అది లేంది డైరెక్టర్‌ను సుత గేటు దాటనియ్యరు అన్నది గద.

జూలై 12, ఆదివారం, త్రయోదశి

పని అయింది. ఎంత నాజూకుగ చేసిన్నో రాసుకుంటున్న.

మా ఇంటికి తూర్పు దిక్కు రామభద్రరావుగారి ఇల్లు. చర్లపల్లి సుత తూర్పే. రావు సాబ్ కాకినాడ దిక్కు మనిషి, బ్యాంకుల రిటైరైండు. ఆయన భార్య ఝాన్సీలక్ష్మిగారి పూజగది అద్దం లెక్క ఉంటది. అంతకన్న శుభ్రమైన జాగ కార్ఖానాల లేదు. చెప్పి పెడ్తే ఎందుకు ఏమిటని ఆయన వంద ప్రశ్నలు అడుగుతడు, నా ఒట్టు పోతది. అందుకే చెప్పొద్దనుకున్న.

భవాని తలస్నానానికి పోయింది చూసి బ్యాగులకెల్లి డబ్బా తీసిన. తీసేటప్పుడు వేలు ఎక్కడ్నో ఒత్తుకున్నది, కుయ్‌మని ఒక్కసారి కూసింది, పచ్చలైటు ఎలిగింది. మంచి శకునం.

"రండి రండి భద్రయ్యగారూ," అన్నడు రావు సాబ్. "ఏమిటండీ, వారం రోజుల్నుంచి తెగ వెలిగిపోతున్నారు. ఏదో దాస్తున్నట్టున్నారే."

"ఏం లేదు రావు సాబ్. మీ అమ్మవారికి జెర దండం పెట్టుకుందామని."

"మీరా? మా ఇంట్లోనా? పోయిన చవితికి మా వినాయకుడి తొండం వంకరగా ఉందని వీధంతా చెప్పారు కదండీ."

"అందుకే, తప్పు కాయమని అడుగుదామని."

ఝాన్సీలక్ష్మిగారికి కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. "వెళ్ళండి అన్నయ్యగారూ, ఎంత మంచి మాట అన్నారు," అని పూజగది తలుపు తీసింది. లక్ష్మీదేవి పటం ఎనుక, వత్తుల డబ్బా పక్కపొంటి పెట్టిన. పచ్చలైటు మినుకుమినుకుమంటనే ఉన్నది. నిజంగనే దండం పెట్టుకున్న, కాబట్టి అబద్ధం ఆడినట్టు కాదు.

మంగళవారం తెల్లారంగనే పోయి మల్లొక దండం పెట్టుకోని తీసుకొస్త. భవానికి ఎరుకనే కాదు.

నా బిడ్డ ఇయ్యాల బయలెల్లింది. అది ఇంట్ల కూసోని మామిడిపండు తింటున్నది గని, బయలెల్లింది.

జూలై 13, సోమవారం

ఏం రాయాలె.

ఝాన్సీలక్ష్మిగారు సోమవారం సోమవారం బొగ్గునిప్పుల మీద సాంబ్రాణి ఏస్తరట. నాకెట్ల తెలుస్తది. వాన జల్లు కొడ్తున్నదని కిటికీలన్ని మూసిన్రట. నిప్పులు రాజేసి, పొగ పట్టించి, తలుపు దగ్గరికేసి కూసున్నరట. అప్పుడు అమ్మవారి ఎనుకకెల్లి షురూ అయింది.

నేను మా అరుగు మీదికెల్లి ఇన్న. ఆ తీరు మొత్తుకునుడు నేను రైలు ఇంజను తాన సుత ఇనలె. ఝాన్సీలక్ష్మిగారు హారతి పళ్ళెం తోటే రోడ్డు మీదికొచ్చింది. రావు సాబ్ లుంగీ మీదనే, బీపీ చూసుకునే మిషిను సంకల పెట్టుకోని ఉరికొచ్చిండు.

"బాంబండీ," అన్నడు. "అమ్మవారి వెనకాల. ఎర్ర లైటు కొట్టుకుంటోంది."

ఇది కంటోన్మెంటు ఏరియా. ఇక్కడ ఎవరన్న టిఫిను గిన్నె మర్చిపోయినా నలుగురు ఫోన్లు కొడ్తరు. జీపొచ్చింది, మందుగుండు చూసేటోళ్ళ బండి వచ్చింది, కుక్క వచ్చింది. గల్లీ ఖాళీ చేపిచ్చిన్రు. అందరం వానల గొడుగులు పట్టుకోని ఆ కొసకు నిలబడ్డం. కుక్క లోపలికి పోయి సాంబ్రాణికి తుమ్ముకుంట బయటికొచ్చింది.

కొద్దిసేపటికి ఎస్సై మేడం, హిమజ అని పేరు, చిన్న వయసే, చేతిల డబ్బా పట్టుకోని వచ్చింది. అప్పటికి అరుపు ఆగింది.

"బాంబు లేదు ఏం లేదు. ఇది గ్యాస్ లీకైతే చెప్పే డబ్బా. మూసిన గదిల బొగ్గునిప్పులు పెడితే ఇది అరవక ఏం చేస్తది. ఎవరిది?"

"మాది కాదండీ," అన్నడు రావు సాబ్.

"మీది కాకపోతే మీ దేవుని వెనక ఎట్లొచ్చింది?"

"అదేనండీ నాకూ అర్థం కానిది. నిన్న మా భద్రయ్యగారు తప్ప మనిషన్నవాడు రాలేదు. ఆయనా దండం పెట్టుకోవడానికొచ్చారు."

మేడం నా దిక్కు తిరిగింది. "అంకుల్, మీరేమన్న చూసిన్రా అక్కడ?"

"దేవుని తప్ప ఏం చూడలె బిడ్డా," అన్న.

గల్లీ అంత ఉన్నది. అక్కడ చెప్తే రేపు పరీక్ష ఉన్న పిల్ల పేరు పోలీసుల నోట్ల పడ్తది. నేను చెప్పంది నా కోసం కాదు.

"సరే. ఎవరిదో తేలేదాకా స్టేషన్ల ఉంటది," అని డబ్బాను జేబుల ఏసుకోని పోయింది.

ఇంటికి రాంగనే లచ్చమ్మ నా మొఖం చూసింది. "ఏమయ్యా, నువ్వేనా?"

చెప్పిన. అంత చెప్పిన. తిడ్తదనుకున్న. పక్కకు కూసోని, "నాకొక మాట చెప్తే మా చెల్లె ఇంట్ల పెట్టకపోదునా, అది సుత తూర్పే గద," అన్నది. ఆఖరుకు, "బిడ్డ రాంగనే చెప్పు," అన్నది.

చెప్త.

మల్ల సోమవారమే

భవాని వచ్చింది. ఢిల్లీ ఆఫీసర్లు మంచోళ్ళట. అలిసిపోయి తినుకుంటనే నిద్రపోయింది. చెప్పలె.

జూలై 14, మంగళవారం

పొద్దుగాల నేను స్నానం చేసొచ్చే సరికే భవాని బ్యాగు బోర్లించి ఉన్నది. అల్మారా తెరిచి ఉన్నది. ఇల్లంత ఒక చూపు చూసి, "ఆఫీసుల నా లాకర్‌లనే ఇడిసిపెట్టిన్నేమో, పోయి చూస్త," అని కారొచ్చిందని ఉరికింది. నేను నోరు తెరిచిన. ఒట్టు, తెరిచిన. అది అప్పటికే గేటు కాడ ఉన్నది.

లాకర్‌ల ఉండదని నాకెరుక. డబ్బా లేంది ప్లాంటు లోపలికి రానియ్యరని సుత ఎరుక. మిషినుకు పెద్ద అదే. అది బయట నిలబడ్తే లోపల ఎవరు నడుపుతరు.

"చెప్పులేసుకో," అన్నది లచ్చమ్మ. అప్పటికే ఆమె చీర మార్చుకున్నది.

ఆటోల ఠాణాకు పోయినం. హిమజ మేడం నన్ను చూసి నవ్వలె.

"అంకుల్, నిన్న దేవుని తప్ప ఏం చూడలేదన్నరు."

"నిజమే మేడం. డబ్బాను చూడలె. పెట్టిన."

కూసోమన్నది. ఎందుకు పెట్టిన్రో చెప్పమన్నది. ఇగ ఒట్టు గిట్టు అన్ని పోయినయి. వారమంత కడుపుల పెట్టుకున్నదంత గుమ్మరిచ్చిన. అమాస, ఆషాఢం, కండువ, పంతులు, అన్ని. మీ బిడ్డ చేసే పనేందన్నది. "మంట పెట్టకముందే గ్యాసును సాపు చేస్తది మేడం. బియ్యంల రాళ్ళు ఒండకముందు ఏరుతరా, ఒండినంక ఏరుతరా," అన్న. పక్కన లచ్చమ్మ దగ్గింది. తర్వాత గోలీసోడా చెప్పిన. కానిస్టేబుళ్ళు సుత కుర్చీలు జరుపుకున్నరు. నేను ఊపు మీదున్న.

"అంకుల్, బొగ్గు గ్యాసుల ఎక్కువ ఉండేది కార్బన్ మోనాక్సైడ్. దాన్ని ఆ ద్రావకం తాగదు గద. మరి ఏం చేస్తరు?"

"అది మా బిడ్డ చూసుకుంటది," అన్న.

"ఆవిరితోటి కలిపితే అది కార్బన్ డయాక్సైడ్‌గ మారుతది, ఇంకింత హైడ్రోజన్ సుత వస్తది. అప్పుడు ఏరుతరు. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అంకుల్."

"చూసినవా," అన్నది లచ్చమ్మ, "ఠాణాల సుత తెలుసు. నీకే తెల్వదు."

మేడం భవానికి ఫోను కలిపి అందరికి ఇనపడేటట్టు పెట్టింది.

"పసుపు డబ్బా మీదేనా?"

"నాదే మేడం." వాన చప్పుడుల దాని గొంతు. "నేను గేటు బయటనే ఉన్న. లోపల అందరు ఉన్నరు. ఇంకొక గంట చూస్తమన్నరు. అది మీ దగ్గరికెట్లొచ్చింది?"

మేడం నన్ను చూసింది. "వచ్చినంక చెప్త," అని టోపీ పెట్టుకున్నది.

జీపుల నేను, లచ్చమ్మ, మేడం. జిందగిల మొదటిసారి పోలీసు జీపెక్కిన, అది సుత నా బిడ్డ కోసం. ట్రాఫిక్ అంత పక్కకు జరుగుతున్నది. సంబురం కాలేదని రాస్తే అబద్ధమైతది.

గేటు కాడ భవాని హెల్మెట్ పెట్టుకోని వానల నిలబడ్డది. జీపులకెల్లి నేను దిగుడు చూసింది. డబ్బా తీసుకున్నది, ఒత్తింది, పచ్చలైటు, ఛాతికి పెట్టుకున్నది. నా దిక్కు చూడలె. కాపలా మనిషికి చెప్పింది, "ఈ ముగ్గుర్ని విజిటర్స్ రూముల కూసోబెట్టు. జేబులు చూడు, అగ్గిపెట్టెలుంటయి." లోపలికి ఉరికింది.

నా జేబుల అగ్గిపెట్టె, కర్పూరం, అగరొత్తులు, ఒక నిమ్మకాయ. హైడ్రోజన్ ఉన్న జాగల నిప్పురవ్వ సుత ఉండొద్దట. "నిమ్మకాయకేం ప్రమాదం నాయినా," అని అడిగిన. దాన్ని సుత గుంజుకున్నడు. లచ్చమ్మ సంచిలకెల్లి సుత ఒక అగ్గిపెట్టె, ఒక కర్పూరం పొట్లం తీసిన్రు. మేమిద్దరం ఒకరి మొఖం ఒకరం చూసుకోలె.

అద్దాలకెల్లి ప్లాంటు కనవడ్తది. గొట్టాలు, నిచ్చెనలు, వాన. నడుమల ఒక సన్నటి గొట్టం నిలువుగ ఉన్నది. సాపైన గ్యాసును దాని కొసకు మండిస్తరట. ఆఫీసర్లు గొడుగుల కింద ఉన్నరు. భవాని తెల్ల హెల్మెట్ ఇటు పోయింది, అటు పోయింది, ఒక దగ్గర ఆగింది. చెయ్యి లేపింది.

ఏం కాలె.

"మంటేదయ్యా?" అన్నది లచ్చమ్మ.

"వస్తది."

కూసున్నం. గొట్టం కొసకు ఏం లేదు. అంత సేపు నేను ఎన్నడు సప్పుడు చేయకుండ కూసోలె. లచ్చమ్మ నా చెయ్యి పట్టుకున్నది. నాకు సమజైంది. గంటసేపు దాన్ని గేటు బయట నిలబెట్టిన. లోపల ఏది ఎక్కడ తప్పిందో. నా బిడ్డ మిషినును నేనే పాత ఇనుముకు ఏసిన. అమాస ఏం చేయలె, నేనే చేసిన. ముసలోన్ని, ఏడ్సిన. రాసుకునేతందుకు సిగ్గేముంది.

"అంకుల్," అన్నది హిమజ మేడం, అద్దానికి ముక్కు ఆనిచ్చి. "గొట్టం మీద వానను చూడండి."

చూసిన. వాన అంతట పడుతున్నది. గొట్టం మీద మాత్రం పడుతలేదు. చినుకులు దానికి జానెడు పైకి వచ్చి మాయమైతున్నయి. ఎనుకనున్న గోడ, ఎండకాలం రోడ్డు లెక్క, వణుకుతున్నది.

"మండుతున్నది అంకుల్. హైడ్రోజన్ మంట పగటిపూట కంటికి ఆనది."

మంట అంటే ఇట్ల ఉంటదని నాకు తెల్వదు. పొగ లేదు, రంగు లేదు. నా బిడ్డ చేసిన మంటను వాన చూసింది, నేను చూడలె. గొడుగుల కిందికెల్లి సప్పట్లు ఇనపడ్డయి.

తర్వాత అందరు మేమున్న రూము ముందటికెల్లే పోయిన్రు. ఒక ఆఫీసరు హిందీల అడిగిండు, పొద్దుగాల ఆలస్యం ఎందుకైందని. భవాని చెప్పింది, "నా డబ్బా ఇంట్ల మర్చిపోయిన సార్. తప్పు నాది."

నేను లేవబోయిన. లచ్చమ్మ మోచేతి తోటి డొక్కల పొడిచింది.

ఇంటికొచ్చినంక భవాని నా ముందర కుర్చీ ఏసుకోని కూసున్నది. హిమజ మేడం దానికి కథ అంత చెప్పే పోయిందట.

"తొంభై మూడు నాన్నా. నూటికి తొంభై మూడు వంతులు తీసినం. పెద్ద ప్లాంటుకు ఒప్పుకున్నరు."

నేను లేచి పట్టుకోబోతే, "కూసో," అన్నది.

"గేటు కాడ నిలబడ్డప్పుడు ఏమనుకున్ననో ఎరుకేనా? నీ మీద అనుమానమే రాలె. ఇన్నేండ్ల పని, ఒక్క డబ్బా జాగ్రత్త చేసుకోలేని దాన్ని, నాకు పెద్ద ప్లాంటెందుకు అనుకున్న. వాళ్ళు ఒద్దంటే బాగుండునని సుత అనుకున్న."

లచ్చమ్మ దిక్కు చూసిన. ఆమె బిడ్డ పక్కకే పోయి నిలబడ్డది.

"నీ మంచికే చేసిన బిడ్డా," అన్న.

"తెలుసు. అందుకే కోపం ఇంకెక్కువొస్తున్నది." మూతి కొసకు నవ్వు వచ్చింది, దాన్ని మింగింది. "ఇప్పుడు నా మిషిను మాట ఎవరికన్న చెప్పుకోవచ్చు. గని ఒక షరతు. ముందుగాల రావు అంకుల్‌కు ఆ డబ్బా నీ పనే అని చెప్పాలె. అది చెప్పేదాంక ఇది ఒక్క ముక్క బయటికి రావొద్దు."

ఎంత తెలివి. ఏరినంకనే మండియ్యాల్నట.

జూలై 15, బుధవారం

పొద్దంత అరుగు మీద కూసున్న. తొంభై మూడు నా నాలుక మీద కూసున్నది. పాలోడు వచ్చిండు, చెప్పలె. కూరగాయల బండి వచ్చింది, చెప్పలె. గిట్లయితే ఈ డొక్క పగులుతదని లేచి రావు సాబ్ ఇంటికి పోయిన.

ఆయన పేపరు చదువుతున్నడు. ఝాన్సీలక్ష్మిగారు నిప్పుల కుంపటి వరండాల పెట్టి, సోమవారం నడుమల ఆగిన సాంబ్రాణి ఏస్తున్నది. నేను నిలబడే, ఊపిరి పీల్చుకోకుండ చెప్పిన. మీ అమ్మవారి ఎనుక డబ్బా నేనే పెట్టిన రావు సాబ్, అది భవానిది, అమాస నాడు దాని మిషిను పరీక్ష, అందుకు ప్రస్థానం పెట్టిన, మిషిను నడిచింది, నూటికి తొంభై మూడు, మంట కంటికి కనవడదు, వాన మాయమైతది, పెద్ద ప్లాంటు ఇచ్చిన్రు, మీ కాళ్ళు పట్టుకుంట.

రావు సాబ్ పేపరు మడిచిండు. "నన్ను లుంగీ మీద వానలో నిలబెట్టింది మీరా?"

"నేనే."

"వీధిలో ఆ కుక్క నన్ను వాసన చూసింది, తెలుసా అండీ? నన్ను. ముప్పై ఏళ్ళు బ్యాంకులో చేసినవాణ్ణి."

"తెలుసు రావు సాబ్. నేను అక్కడే ఉన్న."

"దేవుణ్ణి తప్ప ఏమీ చూడలేదన్నారు."

ఝాన్సీలక్ష్మిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. ఏడుస్తున్నదనుకున్న. భుజాలు ఊగుతున్నయి, నవ్వుతున్నది. రావు సాబ్ మాత్రం నవ్వలె. "మీరు వెళ్ళండి భద్రయ్యగారూ," అని లోపలికి పోయి తలుపేసుకున్నడు.

పోతే పోయిండు. షరతు తీరింది. చౌరస్తా దాంక పోయి అందరికి చెప్పిన. చాయ్ పోసేటాయన నా చెయ్యి పట్టుకోని, "ముబారక్, పోయినసారి సగమే సమజైంది," అన్నడు.

ఇప్పుడే ఇంటికొచ్చి కలం పట్టిన. రావు సాబ్ కిటికీ తెరిచే ఉన్నది. ఫోనుల ఎవరితోనో గట్టిగ మాట్లాడుతున్నడు, గల్లీ అంత ఇనపడ్తున్నది.

"అవునండీ, మా పక్కింటి అమ్మాయే. ప్రస్థానం మా పూజగదిలోనే పెట్టించాం. మా అమ్మవారి వెనకే. లేకపోతే అమావాస్య రోజున తొంభై ఆరు వస్తుందా అండీ?"

తొంభై ఆరు కాదు, తొంభై మూడు. పోయి సరిచెయ్యాలె. ఫోనుకు అవతల ఇనేటోళ్ళు ఎవరో గని, వాళ్ళకు నేనే మొదట్నుంచి చెప్తే మంచిది.